పట్టణాలలో బాలకార్మికులు: మన పట్టాలు, మన ఇండ్లు
(సమాఖ్య శాఖల ప్రతినిధుల సభలో చేసిన ప్రసంగపాఠం)



రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో బాలకార్మికులను గురించిన ప్రసంగం దేనికని మీలో కొందరికి సందేహం కలుగవచ్చు. కరువు భత్యం, పింఛను, ఖాళీల భర్తీ, కాంట్రాక్టు పద్ధతి ఇన్ని సమస్యలు మన ముందుండగా ఈ విషయమెందుకని అడుగవచ్చు. మా సమాధానం చట్టంలోనే ఉన్నది. 1938 నాటి బాలల నియామక చట్టం, రైలు ద్వారా ప్రయాణికులను, సరకులను, తపాలాను చేరవేసే పనులలో 15 ఏండ్లు నిండని వారిని నియమించరాదని శాసించింది. ఓడరేవుల ప్రస్తావన ఆ తరువాతనే వచ్చింది. ప్రయాణికులు, సరకులు, తపాలా! ఈ మూడు మాటలలో ఈ సభలో కూర్చున్న మనమందరమూ ఉన్నాము.

1986లో వచ్చిన బాలకార్మిక చట్టపు షెడ్యూలు చూడండి. నిషిద్ధ వృత్తుల జాబితాలో మొదటి నాలుగు అంశాలూ మనవే. మొదటిది ఆ పాత వాక్యమే. రెండవది రైల్వే ఆవరణలో కాలిన బొగ్గు ఏరుట, బూడిద గుంతలు శుభ్రపరచుట, కట్టడపు పనులు. మూడవది స్టేషను భోజనశాలలలో పని, ఒక ప్లాట్‌ఫారం నుండి మరొక దానికి తిరుగుచు, కదిలే రైలు ఎక్కి దిగుచు అమ్మే పని. నాలుగవది పట్టాల నడుమ, పట్టాల ప్రక్కన చేసే నిర్మాణపు పని. ఈ జాబితా వ్రాసినవారు మన స్టేషన్లను బాగుగా చూచినవారే అయియుండాలి. అయితే ఒక చిత్రం గమనించండి. 1938లో 15 ఏండ్లని చెప్పిన చట్టం 1986 నాటికి 14 ఏండ్లన్నది. సుమారు ఏబది సంవత్సరాలలో బాల్యానికి ఒక ఏడాది తరిగిపోయింది.

చట్టం సంగతి అట్లుంచి లెక్కలు చూద్దాం. 2001 జనగణన ప్రకారం దేశంలో 5 మొదలు 14 ఏండ్ల వయస్సులో పనిచేసే పిల్లలు 1 కోటి 26 లక్షల మంది. 2011 నాటికి ఆ సంఖ్య 1 కోటి 1 లక్షకు తగ్గింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 13 లక్షల 60 వేలనుండి 4 లక్షలకు దిగివచ్చింది. ఇది సంతోషించదగిన విషయమే. కాని ఆ తగ్గుదల అంతా పల్లెలదే. పట్టణాలలో మాత్రం అదే పదేండ్లలో పనిచేసే పిల్లల సంఖ్య 13 లక్షలనుండి 20 లక్షలకు పెరిగింది. 2021లో జరుగవలసిన జనగణన ఆ ఏడాది జరుగలేదు గనుక ఆపైన దేశవ్యాప్తమైన లెక్క మనకు లేదు. పల్లెలో పొలం పనినుండి తప్పుకున్న పిల్లవాడు ఎంతవరకు బడికి చేరినాడు, ఎంతవరకు పట్టణానికి చేరినాడు అన్నది తేలవలసిన ప్రశ్న. పట్టణానికి చేరినవాడు దేనిలో వచ్చినాడో మనకు తెలుసు. రైలులో వచ్చినాడు.

2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీలోని గాజుల కార్ఖానాలపై పోలీసులు దాడులు జరిపి వందల సంఖ్యలో పిల్లలను విడిపించారు. వారిలో అత్యధికులు బీహారు పిల్లలు. గాలి వెలుతురు లేని గదులలో లక్కను బొగ్గుల కుంపటిపై కరిగించి, వేడి ఆరకముందే గాజులకు అద్ది, రాళ్లు పొదిగే పని. ఉదయం కూర్చుంటే రాత్రి వరకు లేవరు. అదే గదిలో వండుకొని అదే గదిలో పడుకుంటారు. చార్మినారు చూడవచ్చిన ప్రతివారూ లాడ్‌బజారులో ఆగి ఆ గాజుల తళుకు మెచ్చుకొని నాలుగు జతలు కొనుక్కొని పోతారు. మన ఇండ్లలోని ఆడవారు కూడ కొన్నవారే. మేము కొనిపెట్టినవారమే.

పిల్లల శరీరం ఇంకా కట్టుబడి జరుగుచున్న ఇల్లువంటిది. ఎముకలు గట్టిపడలేదు, ఊపిరితిత్తులు పూర్తిగా పెరుగలేదు. తన బరువుతో పోల్చి చూస్తే పెద్దవారికన్న పిల్లవాడే ఎక్కువ గాలి పీలుస్తాడు. కావున అదే పొగ, అదే ధూళి, అదే రసాయనం పెద్దవానికన్న పిల్లవానికి ఎక్కువ హాని చేస్తుంది. పన్నెండు గంటలు బాసిపట్టు వేసుకొని కూర్చున్నవానికి నడుము వంగిపోతుంది. చిన్న రాళ్లను చూచి చూచి కండ్లు మసకబారుతాయి. చిత్తుకాగితాలు ఏరే పిల్లలు తుప్పుపట్టిన రేకులతో, ఆసుపత్రులు పారవేసిన సూదులతో చేతులు కాళ్లు చీల్చుకుంటారు. ధనుర్వాతపు సూది వారికి ఎవరు వేయిస్తారు? ఇక మన ప్లాట్‌ఫారాలపై ఖాళీ సీసాలు ఏరే పిల్లలను మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. వారిలో కొందరు పంక్చర్లు అతికించే సొల్యూషనును, తప్పులు దిద్దే వైట్‌నరును గుడ్డపై పోసుకొని పీలుస్తారు. చెడు సావాసమని మనం విసుక్కుంటాం. ఆ మత్తు వారికి ఆకలిని, చలిని, రాత్రిపూట తమను తన్ని లేపేవారి భయాన్ని మరిపిస్తుంది. అన్నం కన్న అది చౌక.

శరీరానికి తగిలిన దెబ్బ కంటికి కనబడుతుంది. కనబడని నష్టం మరొకటి ఉన్నది. హోటలులో బల్లలు తుడిచే పిల్లవానిని వయస్సెంతని అడిగి చూడండి. తడుముకొనకుండ "పదహారు" అంటాడు. యజమాని నేర్పిన మొదటి పాఠమది. అక్షరాలకన్న ముందు అబద్ధం నేర్చుకొన్న పిల్లవాడు ఇరువది అయిదేండ్లకు ఏ నైపుణ్యమూ లేని, సగం అరిగిపోయిన కూలివాడై నిలుస్తాడు. అప్పటికి వానికి పిల్లలుంటారు.

పేదరికం ఉన్నంతకాలం ఇది తప్పదని మన సంఘాలలోనే కొందరు అంటారు. ఇది సగం నిజం. పిల్లవాడు పనిలో ఉన్నచోటనే వాని తండ్రి పని దొరకక కూర్చుండడం మనం ఎన్ని బస్తీలలో చూడలేదు? తండ్రికి ఇవ్వవలసిన కూలిలో కొద్ది భాగంతో కొడుకు దొరుకుతున్నప్పుడు యజమాని తండ్రిని ఎందుకు పిలుస్తాడు? పిల్లవాడు ఎదురు చెప్పలేడు, సమ్మె చేయలేడు. సంఘంలో చేరుదామన్నా 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం 15 ఏండ్లు నిండినవారికే సభ్యత్వమిచ్చింది. యజమానికి ఇంతకన్న అనుకూలమైన కార్మికుడెవడు? పేదరికం బాలకార్మికులను పుట్టిస్తుందన్నది ఎంత నిజమో, బాలకార్మికుల కూలి పెద్దల కూలిని క్రిందికి లాగి పేదరికాన్ని నిలబెడుతుందన్నది అంత నిజం. కనీస వేతనం కోసం పోరాడే ఏ సంఘమైనా దీనిని ధర్మకార్యమని ప్రక్కన పెట్టరాదు. ఇది వేతన సమస్య.

ఇంతవరకు ఇతరుల కార్ఖానాలను గురించి, హోటళ్లను గురించి మాట్లాడినాము. అది సులభం. ఇక మన ఇండ్ల సంగతికి వద్దాం.

అనేక ఏండ్ల క్రిందట మా క్వార్టర్లలో ఒక సోదరుని ఇంటికి ఉత్తరాంధ్ర పల్లెనుండి పదేండ్ల అమ్మాయి వచ్చింది. తెలిసినవారి ద్వారానే తెచ్చుకున్నారు. బట్టలు పెడతాం, తిండి పెడతాం, ఈడు వచ్చినాక పెండ్లి ఖర్చుకు ఇంత ఇస్తామని తల్లితో మాట. ఆ సోదరుడు చెడ్డవాడు కాడు. ఆ అమ్మాయిని ఎన్నడూ చేయిచేసుకొన్నవాడూ కాడు. ఆయనకు నాలుగు గంటల డ్యూటీ ఉన్ననాడు ఆమె మూడు గంటలకు లేచేది. పసివాడిని చంకనెత్తుకొనేది. మధ్యాహ్నం ఆ ఇంటి పిల్లలకు క్యారేజీ పట్టుకొని బడికి వెళ్లి, గేటు బయట నిలుచుండి, ఖాళీ గిన్నెలు తీసుకొని తిరిగివచ్చేది. అయిదారేండ్లు ప్రతిదినమూ బడి గేటు దాకా వెళ్లిన పిల్ల ఒక్కరోజైనా లోపలికి పోలేదు.

ఒక రాత్రి ఆ ఇంటి వసారాలో మా శాఖ కార్యవర్గం కూర్చున్నది. 1974 మే సమ్మె కోర్కెలలో ఎనిమిది గంటల పనిదినం ఒకటి గదా. ఆ వారసత్వాన్ని తలుచుకుంటూ డ్యూటీ గంటలపై తీర్మానం వ్రాస్తున్నాము. ఆ అమ్మాయి మా ముందు టీ గ్లాసులు పెట్టింది. పది గంటలు దాటిన తరువాత అవే గ్లాసులు తీసుకొని తోమడానికి పోయింది. మాలో ఒక్కరికీ ఏమీ తోచలేదు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించాము.

తపాలా సోదరులు కూడ జ్ఞాపకం చేసుకోవలసినది ఒకటి ఉన్నది. మనియార్డరు రోజులలో నెల మొదటి వారంలో కౌంటరు అందుకోలేని పిల్లలు డబ్బు పట్టుకొని వచ్చేవారు. ఊరికి పంపాలి, ఫారం నింపిపెట్టండి అనేవారు. కూపనుపై "నేను క్షేమము" అని వ్రాయించుకొనేవారు. మనం వ్రాసిపెట్టాము. కమీషను తీసుకొని రసీదు చించి ఇచ్చాము. పదేండ్ల కొడుకు తండ్రికి డబ్బు పంపడమేమిటని అడుగలేదు. వరుసలో వెనుకవారు తొందరపెడుతున్నారు, అడిగే తీరిక లేదనుకున్నాము.

ఇంటిపనిలోను, హోటళ్లలోను పిల్లలను పెట్టుకొనరాదని దేశవ్యాప్తంగా నిషేధం అమలులోకి వచ్చినది 2006 అక్టోబరు 10న. కాని కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళిలో 14 ఏండ్లలోపు పిల్లలను పనికి పెట్టుకొనరాదన్న నియమం 1999లోనే చేరింది. అనగా దేశంలోని ఇతరులకన్న ఏడేండ్లు ముందుగా మనకు చెప్పబడినది. మనలో ఎంతమంది ఆ నియమం చదివినారు? ఇంక్రిమెంటుకు సంబంధించిన నియమమైతే సంఖ్యతో సహా మనకు కంఠస్థం. 2016 సవరణతో 14 ఏండ్లలోపు వారిని ఏ పనిలోనూ పెట్టుకొనరాదని చట్టమైనది. ఆరు నెలలనుండి రెండేండ్ల వరకు జైలు, 20 వేలనుండి 50 వేల రూపాయల వరకు జరిమానా. అయితే అందులోనే ఒక కిటికీ తెరచి ఉంచారు. బడివేళ తరువాత కుటుంబపు పనిలో సాయపడవచ్చునట. గాజులు, బీడీలు, అగరువత్తులు ఇంటికే తెచ్చి పంచిపెట్టే పట్టణాలలో "కుటుంబపు పని" అనే మాట వెనుక ఎందరు యజమానులు దాగియున్నారో చెప్పనక్కరలేదు.

ఇక ఏమి చేయవలెను? పిల్లవానిని పనినుండి తీసివేసినంత మాత్రాన చాలదని మన పొరుగుననే ఒక పాఠం ఉన్నది. పిల్లలు కుట్టిన దుస్తుల దిగుమతిని నిషేధించాలని 1992లో అమెరికా సెనేటులో ఒక బిల్లు వచ్చింది. అది చట్టం కానేలేదు. అయినను ఢాకా నగరపు యజమానులు భయపడి వేలాది పిల్లలను ఒక్కసారిగా వెళ్లగొట్టారు. తరువాత విచారిస్తే వారిలో పలువురు రాళ్లు కొట్టే పనిలో, వీధులలో, అంతకన్న హీనమైన చోట్లలో కనబడ్డారు. 1995 జులైలో అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్, యజమానుల సంఘం కలిసి ఒప్పందం చేసుకొని, బడిలో చోటు చూపి, నెలకింత భృతి ఇచ్చి, అటుపైననే పని మాన్పించే ఏర్పాటు చేశారు. వెళ్లగొట్టుట ఒకటి, విడిపించుట వేరొకటి.

మన ప్రాంతంలోనే రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్, శ్రీమతి శాంతా సిన్హా నాయకత్వాన 1990 దశకం మొదలు చేసిన పని మీకు తెలిసినదే. బడికి వెళ్లని ప్రతి పిల్లవానిని బాలకార్మికునిగానే లెక్కించాలన్నది వారి వాదం. పనినుండి వచ్చిన పిల్లలను కొన్ని నెలలు శిబిరాలలో ఉంచి, వయస్సుకు తగిన తరగతికి సిద్ధపరచి, ప్రభుత్వ బడిలో చేర్చారు. ఆ పనిలో ఉపాధ్యాయులు ఒక వేదికగా ఏర్పడి నిలబడ్డారు. ఉద్యోగులు సంఘంగా చేయగల పని ఇది అనడానికి మాకు అంతకన్న వేరే సాక్ష్యం అక్కరలేదు.

కావున సమాఖ్య ప్రతి శాఖనూ కోరేది ఇది. ముందు క్వార్టర్లలో ఇంటింటి లెక్క తీయండి. ఎవరినీ అవమానించడానికి కాదు, కాని ఎవరినీ మినహాయించవద్దు, శాఖా కార్యదర్శి ఇంటితో మొదలుపెట్టండి. తరువాత క్యాంటీన్లు, రన్నింగు రూములు, పార్సిలు ఆఫీసులు, స్టేషను స్టాళ్లు, శుభ్రపరిచే కాంట్రాక్టర్ల మనుషులు. పిల్లవాడు కనబడితే కసరి పంపివేయవద్దు. 1098కి ఫోను చేయండి, స్టేషనులోనైతే రైల్వే రక్షణ దళానికి తెలిపి బాలల సంక్షేమ కమిటీ ముందుకు చేరేదాకా వెంట ఉండండి. బడిలో చేర్చునప్పుడు వయస్సు ధ్రువపత్రం లేదని, బదిలీ పత్రం లేదని త్రిప్పి పంపితే, 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆ సాకులను ఒప్పుకోదని చెప్పండి. ఆ పిల్లవాని ఇంట పని లేక కూర్చున్న పెద్దవారుంటే, అదే స్టాలులో అదే పనికి సరియైన కూలితో వారిని పెట్టుకొమ్మని అడగండి. కాంట్రాక్టరు కాదంటే మాకు వ్రాయండి.

ఈ లెక్కకు ఒక పట్టిక తయారు చేసి ప్రతినిధులందరికీ పంచిపెడుతున్నాము. అందులో మొదటి వరుస క్వార్టర్లది. వచ్చే కార్యవర్గ సమావేశం నాటికి నింపిన పట్టికలు అందవలెను. పిల్లలెవరూ లేరని తేలినా ఆ సంగతి వ్రాసి, ఎన్ని ఇండ్లు చూచినారో సంఖ్య వేసి, చూచినవారు సంతకం చేయవలెను.