కుదిరితే చాలదు: సంక్రాంతి గళ్ల నుడికట్టులో దాక్కున్న మాట

పండగ సెలవులు కదా, ఈ ఎపిసోడ్‌లో మనం ఒక గళ్ల నుడికట్టు విప్పబోతున్నాం. మామూలుది కాదు. అన్నీ సంక్రాంతి మాటలే, కానీ వాటి లోపల ఇంకో మాట దాక్కుని ఉంటుంది. గళ్లన్నీ నింపాక కొన్ని రంగు గళ్లను వరసగా చదివితే అది బయటపడుతుంది. అసలు సమాధానం అదే.

ఇది నాకు నా స్నేహితుడు పంపించాడు. కాలేజీ గ్రూపులో పెట్టి ఒక షరతు పెట్టాడు: దాక్కున్న మాట ఒక్కటే పంపాలి, ఒక్కసారే పంపాలి. తప్పు పంపినవాళ్లు గ్రూపు మొత్తానికి బిర్యానీ పెట్టించాలి. మా గ్రూపులో పంతొమ్మిది మందిమి! కాబట్టి ఇది నాకు సరదా విషయం కాదు, పర్సు విషయం. అప్పుడు నేను పండక్కి ఓర్వకల్లులో మా అవ్వ దగ్గర ఉన్నా. ఆ సంగతి ఎందుకు చెప్తున్నానో చివర్లో తెలుస్తుంది.

వీడియో చూసేవాళ్లు స్క్రీన్ మీద గడి చూడండి. చదువుతున్నవాళ్ల కోసం ఆధారాలు ఇక్కడ పెడుతున్నా. సులువుగా ఉండాలని వరస నంబర్లు ఇచ్చా.

అడ్డం
1. పండగనాడు ఆడపిల్ల భుజమెక్కేది (2)
2. కుండ దాటితేనే సంతోషం (3)
3. పంచాంగం భాషలో పండగ రోజు (4)
4. పశువుల పండగ, కొండల నడుమ దారి (3)
5. పాకం కుదిరితేనే నూనెలోకి (4)

నిలువు
6. తోక ఉంటుంది జంతువు కాదు, ఎగురుతుంది పిట్ట కాదు (4)
7. భోగినాడు సజ్జరొట్టెకు అద్దేవి (3)
8. కొత్తవాడైతే పండక్కి మర్యాద ఎక్కువ (3)

ఏది ఎక్కడ కలుస్తుందంటే: 6 రెండో గడి, 2 చివరి గడి ఒకటే. 6 మూడో గడి, 3 మొదటి గడి ఒకటే. 7 మొదటి గడి 4కి నడిమి గడి. 7 చివరి గడి 5కి కూడా చివరిది. 8 మొదటి గడి 5కి కూడా మొదటిది. 1 మాత్రం దేనితోనూ కలవదు, ఒంటరిగా ఉంటుంది.

రంగు గళ్లు నాలుగు: 1లో మొదటిది, 3లో రెండోది, 4లో మొదటిది, 8లో రెండోది. ఈ వరసలోనే చదవాలి.

ఇక్కడ పాజ్ చేసి మీరు ఒక ప్రయత్నం చేయండి. నేను ఆగుతా.

సరే. మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం, తెలుగు గడి లెక్క చెప్పుకుందాం. ఇంగ్లీషులో ఒక గడికి ఒక లెటర్. మనకు అలా కాదు. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిపి పలికేది ఒక్క గడి. 'పొం' ఒక గడి. 'గ్గు' ఒక గడి. అందుకే గడి తయారుచేసేవాళ్లకు తెలుగులో కష్టం ఎక్కువ. రెండు మాటలు కలవాలంటే హల్లు ఒక్కటీ కలిస్తే చాలదు, గుణింతం కూడా కలవాలి. కానీ విప్పేవాళ్లకు అదే లాభం. ఒక్క అక్షరం దొరికితే సగం మాట దొరికినట్టే.

ఇప్పుడు విప్పుదాం. ఎప్పుడూ 1 నుంచే మొదలుపెట్టాలని రూలేం లేదు. ఏది కచ్చితంగా తెలుసో, ఏది ఎక్కువ మాటలకు తగులుతుందో దాంతో మొదలుపెట్టండి. నేను 6తో మొదలుపెట్టా. తోక ఉంది, ఎగురుతుంది. పతంగి అందామంటే ప, తం, గి, మూడే గళ్లు. కాబట్టి గాలిపటం. గా, లి, ప, టం. నాలుగు. పక్కా.

2. కుండ దాటితేనే సంతోషం. పాలు పొంగి కుండ దాటాలి, అది తెలిసిందే. నేను టకటకా 'పొంగల్' అని కొట్టా. పొం, గ, ల్. మూడు గళ్లు సరిపోయాయి. కానీ చివరి గడి గాలిపటంతో కలుస్తుంది, అక్కడ ఉన్నది 'లి'. అంటే పొంగలి. చూశారా, మాట తెలిసినా గుణింతం తప్పితే గడి ఒప్పుకోదు.

3. పంచాంగం భాషలో పండగ రోజు. గాలిపటం వల్ల మొదటి అక్షరం 'ప' అని తెలిసింది. 'పండగ' అందామంటే అది 'పం', సున్న ఉంది, పనికిరాదు. మిగతా మూడు గళ్లూ ఖాళీ. బుర్ర పనిచేయలేదు. వదిలేసి ముందుకెళ్లా. వదిలేయడం కూడా ఒక పద్ధతే.

4. ఇది నాకు భలే నచ్చింది. పశువుల పండగ అంటే కనుమ. కొండల నడుమ దారి అంటే కూడా కనుమే. తూర్పు కనుమలు, పడమటి కనుమలు అంటాం కదా, ఆ కనుమ. మా దగ్గర్లోని నల్లమల కూడా తూర్పు కనుమల్లోదే. ఒకే మాటకు రెండు అర్థాలు పక్కపక్కన పెట్టి ఆధారంగా ఇవ్వడం అన్నమాట. ఆధారం మధ్యలో కామా కనిపించి రెండు ముక్కలకూ సంబంధం లేనట్టు ఉంటే, ఈ రకమేమో అని అనుమానించండి.

కనుమ నడిమి గడి 'ను'. దాని నుంచి 7 కిందికి దిగుతుంది. భోగినాడు సజ్జరొట్టెకు అద్దేవి. ఇది కోస్తా స్నేహితులను కాస్త తిప్పలు పెట్టింది. మా కర్నూలు వైపు ఇళ్లలో చిన్నపిల్లలు కూడా చెప్తారు: నువ్వులు. భోగినాడు నువ్వులద్దిన సజ్జరొట్టె, పక్కన గుమ్మడికాయ కూర. ను, వ్వు, లు. కుదిరింది.

ఇప్పుడు 5. ఇక్కడే నేను మొదటి తప్పు చేశా. నాలుగు గళ్లు, చివర 'లు', నూనెలో వేగేది. అప్పుడు వంటింట్లో మా అవ్వ మురుకులు వత్తుతా ఉంది. వాసన ముక్కుకు తగులుతోంది. మురుకులు అని రాసేశా. ము, రు, కు, లు. నాలుగు. చివర లు. అన్నీ కుదిరాయి!

కానీ ఆలోచించండి, ఈ లెక్కకు ఇంకెన్ని కుదురుతాయో. జంతికలు: నాలుగు, చివర లు. తెలంగాణ సకినాలు: నాలుగు, చివర లు. చక్కిలాలు: నాలుగు, చివర లు. ఎవరి ఇంట్లో ఏది వేగుతుంటే వాళ్లు అది రాస్తారు. ఎవరూ తప్పు కాదు, కానీ గడిలో పట్టేది ఒక్కటే.

నన్ను ఆపింది 8. కొత్తవాడైతే పండక్కి మర్యాద ఎక్కువ. ఇంకెవరు, అల్లుడు! అ, ల్లు, డు. కానీ 8 మొదటి గడి, 5 మొదటి గడి ఒకటే. అక్కడ నేను 'ము' రాసుకున్నా. అల్లుడు 'అ'తో మొదలవుతాడు. అప్పుడు ఆధారం మళ్లీ చదివా. 'పాకం కుదిరితేనే' అని ఉంది. మురుకులకు పాకం ఎక్కడిది? బెల్లం పాకం పట్టేది అరిసెలకు. అ, రి, సె, లు. నేను గళ్లు లెక్కపెట్టా గానీ ఆధారం పూర్తిగా చదవలేదు.

ఇక మిగిలింది ఒంటరి 1. పండగనాడు ఆడపిల్ల భుజమెక్కేది. పైట. రెండు గళ్లు. రాసేశా.

ఇప్పుడు రంగు గళ్లు చదువుదాం. పై, ఖాళీ, క, ల్లు. 'పై-ఏదో-కల్లు'. ఇదేం మాట? పండగ మాట అయ్యుంటుందని అరగంట వెతికా. ఫోన్‌లో సెర్చ్ చేశా, ఏమీ రాలేదు. చివరికి మా వాడికి 'నీ గడే తప్పు' అని మెసేజ్ టైప్ చేస్తున్నా.

అప్పుడు మా అవ్వ మురుకుల పళ్లెం తెచ్చి పక్కన కూర్చుంది. అవ్వకు చదువు రాదు. మా ఓర్వకల్లు మండలం ఆడవాళ్ల పొదుపు సంఘాలకు పేరున్న చోటు. అవ్వ కూడా సంఘంలో చేరాక సంతకం నేర్చుకుంది. అది కాక తనకు గుర్తుపట్టడం వచ్చింది ఇంకొక్కటే, కర్నూలు బస్టాండులో బస్సు బోర్డు మీద మన ఊరి పేరు. ఆ బొమ్మ కనిపిస్తే బస్సు ఎక్కుతుంది.

ఫోన్‌లోకి తొంగిచూసి అనింది: "ఏమిరా, ఈ చివర ఉండే రెండూ మన బస్సు బోర్డు మీద ఉండేటివే కదా. ముందర ఏందో వేరే రాసినావే?"

చివర రెండు. క, ల్లు. ఓర్వకల్లు! ఓ, ర్వ, క, ల్లు. నాలుగు గళ్లు. నేను పండగ మాట కోసం వెతుకుతున్నా, మా వాడు నేను కూర్చున్న ఊరి పేరే దాచిపెట్టాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే అసలు పాఠం ఇదే. దాక్కున్న మాట దొరికాక మనం వెనక్కి నడవొచ్చు. 3లో రెండో గడి 'ర్వ' అని తెలిసింది. ప, ర్వ, ఖాళీ, ఖాళీ. పర్వదినం! పంచాంగంలో రాసే మాట. వెంటనే పడిపోయింది. 1లో మొదటి గడి 'ఓ'. అంటే పైట కాదు, ఓణీ. ఇంకో తమాషా చూడండి. ఓణీని చాలామంది 'వోణీ' అని కూడా రాస్తారు. మామూలుగా అయితే రెండూ నడుస్తాయి. కానీ ఇక్కడ 'వో' రాస్తే ఊరు 'వోర్వకల్లు' అయిపోతుంది. ఏ స్పెల్లింగ్ రాయాలో కూడా దాక్కున్న మాటే చెప్పింది.

పైట తప్పని నాకు ముందే ఎందుకు తెలియలేదు? అర్థం కుదిరింది, గళ్లు కుదిరాయి, అడ్డం వచ్చే మాట లేదు. అడ్డు చెప్పేవాళ్లు లేనప్పుడు మనకు మనం కరెక్టే అనిపిస్తాం. కుదరడం వేరు, సరైనది కావడం వేరు. దాక్కున్న మాట ఆ తేడాను పట్టిస్తుంది. అది రాకపోతే గడిని తిట్టేముందు మీరు చేయాల్సింది ఒకటే: ఏ మాటకు ఇంకో మాట తోడు లేదో చూడండి. నమ్మకంగా రాసినదైనా సరే, ముందు దాన్నే అనుమానించండి.

ఈ ఆట ఎక్కడ పుట్టిందో కూడా చెప్పుకుందాం, ఎందుకంటే ఇది పుట్టిందే పండగ రోజుల్లో. 1913 డిసెంబర్ 21న, క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు, 'న్యూయార్క్ వరల్డ్' పత్రిక ఆదివారం అనుబంధంలో ఆర్థర్ విన్ అనే ఆయన మొదటి క్రాస్‌వర్డ్ వేశాడు. డైమండ్ ఆకారంలో ఉండేది. దానికి ఆయన పెట్టిన పేరు 'వర్డ్-క్రాస్'. తర్వాత అది తిరగబడి 'క్రాస్-వర్డ్' అయింది.

ఇది పిల్లల ఆట అనుకునేవాళ్లకు ఇంకోటి. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు లండన్‌లో 'డెయిలీ టెలిగ్రాఫ్' పత్రిక 12 నిమిషాల్లో క్రాస్‌వర్డ్ విప్పే పోటీ పెట్టింది. ఆ గడిని 1942 జనవరి 13న అచ్చువేసింది, సరిగ్గా మన సంక్రాంతి రోజుల్లో. ఆ తర్వాత పోటీకి వచ్చినవాళ్లలో కొందరిని జర్మన్ల రహస్య సంకేతాలు విప్పే బ్లెచ్లీ పార్క్ పనికి పిలిచారు.

మనకేం తక్కువ కాదు. తెలుగులో దీనికి ఆరుద్ర 'గళ్ల నుడికట్టు' అని, శ్రీశ్రీ 'పదబంధ ప్రహేళిక' అని నడిపారు. అంత పెద్ద కవులు కూర్చుని గళ్లు గీశారంటే ఇది మాటల మీద ప్రేమ ఉన్నవాళ్ల ఆటే.

ఫోన్‌లో ఆడేవాళ్లకు ఒక చిన్న హెచ్చరిక. 'ఓర్వకల్లు' మన లెక్కలో నాలుగు గళ్లు. ఫోన్ లోపల యూనికోడ్ లెక్కలో తొమ్మిది. ఒత్తుకు వేరు, గుణింతానికి వేరు, పొల్లుకు వేరు. ఇంగ్లీషు కోసం చేసిన యాప్‌లో తెలుగు గడి తయారుచేస్తే 'ల్లు' ముక్కలుముక్కలై వేరే గళ్లలో పడొచ్చు. అందుకే మా వాడు కాగితం మీద గీసి ఫొటో తీసి పెట్టాడు. మీరూ మొదట అలాగే చేయండి.

అవును, మీరే తయారుచేయండి. పద్ధతి చెప్తా. దాచాల్సిన మాట ముందు ఎంచుకోండి. మీ ఊరి పేరైతే బాగుంటుంది. గళ్లు లెక్కపెట్టండి. నంద్యాల మూడు, ఆళ్లగడ్డ నాలుగు, జమ్మలమడుగు ఆరు. ఆ ఒక్కో అక్షరం ఉన్న పండగ మాటలు వెతకండి. కష్టమైన అక్షరం నుంచి మొదలుపెట్టండి. మా వాడికి 'ర్వ' దొరకడమే గండమట, 'పర్వదినం' దొరికాక మిగతావి తేలికయ్యాయట. అన్ని మాటలూ దొరికాక, అడ్డు చెప్పే మాట లేని చోట ఒక్క గడైనా వదలండి. అసలు మజా అక్కడే.

మాటలు దొరక్కపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. సజ్జరొట్టెకు ఏం అద్దుతారో, పాకం ఎప్పుడు కుదిరినట్టో సెర్చ్‌లో కంటే వాళ్ల దగ్గర తొందరగా దొరుకుతుంది.

ఇంతకీ బిర్యానీ సంగతి? 'నీ గడే తప్పు' మెసేజ్ డిలీట్ చేసి, 'ఓర్వకల్లు' అని పంపా. గ్రూపులో నాది మూడో సరైన సమాధానం. 'ఎవరు చెప్పారు?' అని మా వాడు అడిగాడు. మా అవ్వ అని చెప్పా. నమ్మలేదు. బస్సు బోర్డు ఫొటో పంపాలనుకున్నా, పండగ రద్దీలో బస్సు ఆగితే కదా.

సరే, ఈసారికి ఇంతే. మీ ఊరి పేరు ఎన్ని గళ్లో ఇప్పుడే లెక్కపెట్టి చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు!