బిల్లు రానోళ్ళు కూడా రోడ్డెక్కారు

(నీళ్ళ ఛార్జీల మీద వాడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ళ బిల్లు పెంచితే ఎవరు కొట్లాడతారు? బిల్లు వచ్చేవాడు కొట్లాడతాడు. ఇది మామూలు లెక్క. కానీ 2000 సంవత్సరంలో దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశంలో, కొచబాంబ అనే నగరంలో ఈ లెక్క తప్పింది. ఇంట్లో కుళాయే లేనోళ్ళు, నీళ్ళ బిల్లు మొహం ఎన్నడూ చూడనోళ్ళు బిల్లులొచ్చే వాళ్ళతో కలిసి రోడ్డెక్కారు. వాళ్ళకేం నొప్పి? మన టౌన్లలో కూడా నీళ్ళూ డ్రైనేజీ ప్రైవేటోళ్ళ చేతిలో పెట్టాలనే మాట వినబడుతూనే ఉంది కాబట్టి ఆ సంగతి తెలుసుకోవాలి.

కొచబాంబ కొండల మధ్య ఉన్న నగరం. అప్పటికి ఐదు లక్షల జనం. సెమాపా అనే మున్సిపల్ సంస్థ నీళ్ళూ మురుగూ రెండూ చూసేది. ఎందరికి చూసేది? సగం కంటే కాస్త ఎక్కువ మందికి. మిగతా వాళ్ళు ఎవరంటే, దక్షిణం వైపు గుట్టల మీద గుడిసెలేసుకున్న వాళ్ళు. 1985లో ప్రభుత్వం తగరం గనుల్లోంచి వేలమందిని తీసేస్తే పొట్ట చేతబట్టుకుని వచ్చిన కార్మికులు, పల్లెలొదిలొచ్చిన కెచువా, అయ్‌మారా ఆదివాసులు. పైపు రాలేదు. రాదని తెలిసి వాళ్ళే చందాలేసుకున్నారు, వంతులవారీగా ఒళ్ళొంచి బావులు తవ్వుకున్నారు, సంఘాలు పెట్టుకున్నారు. ఊరు బావి మనది కాదు గనక మన వాడ బావి మనం తవ్వుకున్నట్టే.

ఇప్పుడు కాంట్రాక్టు కథ వినండి. నీళ్ళు ప్రైవేటు చెయ్యాలని ప్రపంచ బ్యాంకు ఒత్తిడి. టెండరు పిలిచారు. వచ్చింది ఒకే ఒక్క పార్టీ. పోటీతో ధర తగ్గుతుందని పాఠాలు చెప్పేవాళ్ళు ఆ ఒక్కడితోనే 1999 సెప్టెంబరులో సంతకాలు పెట్టుకున్నారు. కంపెనీ పేరు అగువాస్ డెల్ తునారి. వెనక అమెరికా బెక్టెల్, ఇటలీ, స్పెయిన్ కంపెనీలు, కొందరు బొలీవియా పెద్దలు. గడువు 40 ఏళ్ళు. లాభం ఏటా 15 నుంచి 17 శాతం గ్యారంటీ. వ్యాపారంలో లాభం గ్యారంటీ ఏందండీ? నష్టం వచ్చే భయం ఉంది కాబట్టే మేం లాభం తింటున్నామని కదా షావుకారు చెప్పేది. ఇక్కడ భయం జనానికి, లాభం వాళ్ళకి. పైగా రేటును డాలరుకి ముడిపెట్టారు. కూలి మాత్రం బొలీవియానోల్లో.

సెమాపా పాత అప్పులు, మిసికూని అనే కొండల నుంచి నీళ్ళు తెచ్చే సొరంగం ఖర్చు అన్నీ బిల్లు నెత్తినేశారు. ఇంకా చుక్క నీరు రాని సొరంగానికి ముందే కట్టాలన్నమాట. ఆ పెంపు భారం తగ్గించడానికి ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వకూడదని 1999లోనే ప్రపంచ బ్యాంకు తన నివేదికలో రాసిపెట్టింది. 2000 జనవరిలో కొత్త బిల్లులొచ్చాయి. సగటున మూడోవంతు పైనే పెంపు, చాలా ఇళ్ళకి రెట్టింపు. జనం నడిబజారులో బిల్లులు తగలబెట్టారు.

ఇది బిల్లొచ్చే వాళ్ళ కోపం. మరి బిల్లు రానోళ్ళు?

1999 అక్టోబరులో 2029 నంబరు చట్టమని ఒకటి తెచ్చారు. కంపెనీకిచ్చిన హద్దుల్లో నీళ్ళ మీద హక్కు కంపెనీ ఒక్కదానిదే. సంఘాల బావులకి అనుమతి కావాలి. పేదలు చెమటోడ్చి తవ్వుకున్న బావికి కంపెనీ మీటరు పెడుతుందన్న భయం గుట్టలన్నీ పాకింది. వాన నీళ్ళకి కూడా పన్నేశారని ఈ కథ చెప్పేవాళ్ళు కలిపి చెబుతుంటారు. చట్టంలో ఆ మాట సూటిగా లేదు, నేను చెప్పను. బావి మీద హక్కు పోవడం చాలదా? చుట్టుపక్కల పల్లెల్లో తరతరాలుగా కాలవ నీళ్ళు పంచుకుంటున్న రైతులదీ ఇదే భయం. ఫ్యాక్టరీ కార్మికులు, రైతులు, గుట్టల మీది సంఘాలు కలిసి 1999 నవంబరులో నీటి రక్షణకి సమన్వయ కమిటీ పెట్టుకున్నారు. దాని గొంతు ఆస్కార్ ఒలివెరా, చెప్పుల ఫ్యాక్టరీ కార్మికుడు. (చెప్పులు కుట్టే చేతులని తక్కువగా చూసేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.)

జనవరిలో దారులు దిగ్బంధం చేశారు. ఫిబ్రవరిలో పోలీసులు బాష్పవాయువుతో దిగారు, వందమందికి పైగా గాయపడ్డారు. అప్పుడు ప్రభుత్వం దిగొచ్చి, సరే, రేట్లు పాత రేట్లకే తెస్తాం, ఇళ్ళకి పొండి అంది. ఇక్కడే చాలా ఉద్యమాలు ముగుస్తాయి. దండలేసుకుని, ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. ఏడాది తిరగకముందే రేటు మళ్ళీ పెరుగుద్ది, ఎందుకంటే 16 శాతం కాంట్రాక్టులోనే ఉంది. కొచబాంబ జనం వెళ్ళలేదు. రేటు పుట్టిన చోటే కాంట్రాక్టు అని వాళ్ళకి అర్థమైంది. మార్చిలో వీధుల్లో డబ్బాలు పెట్టి తామే ఓటింగు జరిపారు. దాదాపు 50,000 మంది వచ్చారు, నూటికి 95 మందికి పైగా కాంట్రాక్టు రద్దు చెయ్యమన్నారు. ఏప్రిల్‌లో మళ్ళీ దిగ్బంధం. ఒకప్పటి సైనిక నియంత, అప్పటి అధ్యక్షుడు బాన్‌సెర్ ఎమర్జెన్సీ పెట్టాడు. ఏప్రిల్ 8న విక్టర్ హ్యూగో దాసా అనే 17 ఏళ్ళ కుర్రాణ్ణి కాల్చి చంపారు. మామూలు బట్టల్లో ఒక సైనికాధికారి జనం మీదికి తుపాకీ పేల్చడం టీవీలో లోకమంతా చూసింది, మిలిటరీ కోర్టుకి మాత్రం కనబడలేదు. ఏప్రిల్ 10న కాంట్రాక్టు రద్దయింది. వెంటనే చట్టమూ మార్చారు. కంపెనీ నెదర్లాండ్స్ ఒప్పందం చాటునుంచి అంతర్జాతీయ ట్రిబ్యునల్లో నష్టపరిహారం దావా వేసింది. లోకమంతా ఛీ అంటే 2006 జనవరిలో రెండు బొలీవియానోలు పుచ్చుకుని దావా వదులుకుంది.

అదే సంవత్సరం మనకేమైందో మర్చిపోలేదు కదా. ప్రపంచ బ్యాంకు చెప్పిన సంస్కరణల కింద కరెంటు ఛార్జీలు పెంచారు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులు, ముగ్గురు చనిపోయారు. అక్కడ నీళ్ళు, ఇక్కడ కరెంటు. షరతులు రాసిన బ్యాంకు ఒకటే.

గెలిచిన కథ ఇక్కడ ఆపేస్తే మీరు చప్పట్లు కొడతారు, నాకూ బాగుంటుంది. కానీ ఆ తర్వాత సంగతి మనలాంటోళ్ళకే ఎక్కువ అవసరం. సెమాపా మళ్ళీ మున్సిపాలిటీ చేతికొచ్చింది. 2002లో దాని బోర్డుకి జనం నుంచి సభ్యుల్ని ఎన్నుకోమంటే ఓటేసింది గుప్పెడు మంది. అవినీతీ, పార్టీల ఉద్యోగాలూ పోలేదు. చాలా ఏళ్ళు గడిచినా దక్షిణ గుట్టలకి పైపు పోలేదు. మిసికూని డ్యాము కట్టడం పూర్తయింది 2017 నాటికి. అంతదాకా గుట్టల మీది ఆడవాళ్ళు ట్యాంకరోడి దగ్గర పీపాల లెక్కన, కుళాయి ఉన్నోళ్ళ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ధరకి నీళ్ళు కొన్నారు. రాళ్ళు మోసింది వాళ్ళు. తగ్గిన బిల్లు మాత్రం కుళాయి ఉన్నోడికొచ్చింది.

అందుకని, ఛార్జీల వ్యతిరేక కమిటీకి కాలనీ పెద్దలు మనల్ని పిలుస్తారే, జనం కావాలి కాబట్టి పిలుస్తారే, అప్పుడు మనం పోవాలి. కానీ మన వాడకి పైపు ఎప్పుడనే ముక్క మొదటి కరపత్రంలోనే రాయించుకుని పోవాలి. నీళ్ళు మనకి ఎప్పుడూ వట్టి బిల్లు గొడవ కాదు. 1927 మార్చి 20న మహాడ్ చెరువులో బాబాసాహెబ్ దోసిలి పట్టింది దాహమేసి కాదు. 1985లో కారంచేడు గొడవ తాగే నీళ్ళు పాడుచెయ్యొద్దన్న మాట దగ్గరే మొదలై జూలై 17 నరమేధం దాకా పోయింది.

ఇంకోటుంది. బిల్లులో మురుగు గీత. హైదరాబాద్ బోర్డు బిల్లులో సీవరేజి సెస్ అని వేరే కనబడుద్ది. ఛార్జీ తగ్గించమని గొడవ చేస్తే కంపెనీ ఎక్కడ కోస్తుంది? 16 శాతంలో కొయ్యదు. సబ్ కాంట్రాక్టరుకిచ్చే దాంట్లో కోస్తుంది. వాడు మిషను మానేసి మనిషిని దించుతాడు. దిగేదెవరో ఈ సభలో చెప్పక్కర్లేదు. 2013 చట్టం రక్షణ లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించడాన్ని నిషేధించింది. సుప్రీంకోర్టు 2014లో చనిపోయినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలన్నది, 2023 అక్టోబరులో 30 లక్షలు చేసింది. అయినా చావులు ఆగలేదు.

మన దేశంలో కూడా కాంట్రాక్టులు నడుస్తున్నాయి. బాబాసాహెబ్ దీక్ష తీసుకున్న నాగపూర్‌లోనే 2012లో నగర నీటి నిర్వహణ 25 ఏళ్ళకి ప్రైవేటు కంపెనీకిచ్చారు. మన దగ్గరికొచ్చినప్పుడు బిల్లు చేతికొచ్చేదాకా ఆగొద్దు. 2005 సమాచార హక్కు చట్టం కింద కాంట్రాక్టు కాపీ అడగండి, తెల్లకార్డు ఉన్నోళ్ళకి ఫీజు లేదు. లాభం శాతం ఎంత రాశారు, వాడ బోర్ల మీద హక్కు ఎవరిది, పైపు ఏ వీధి దాకా, ఏ తేదీకి. మ్యాన్‌హోల్ పనివాడు ఎవరి ఉద్యోగి, ఆ 30 లక్షలు ఎవరి ఖాతాలో రాశారు. కాపీ తెండి, ఇదే అరుగు మీద కూర్చుని పేజీ పేజీ చదువుదాం.

జై భీమ్.