పాల క్యాను శుభ్రం – పంటి శుభ్రం
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘాల తనిఖీకి వచ్చినప్పుడు మేము మొదట చూసేది క్యాను. మూత అంచున నిన్నటి జిడ్డు నిలిస్తే నేటి పాలు పులిసి, కాచగానే విరుగుతాయని మీకు తెలియనిది కాదు. జిడ్డులోని సూక్ష్మక్రిములు పాలలోని చక్కెరను ఆమ్లంగా మార్చడమే కారణం. నోటిలోనూ జరిగేది ఇదే. పళ్ల సందుల్లో నిలిచిన తీపిని క్రిములు ఆమ్లం చేస్తాయి. అది పంటిపై పింగాణీ పొరను కరిగిస్తుంది.

పొద్దున పాలు పోయడానికి వచ్చే ముందు అందరమూ పళ్లు తోముతాము. రాత్రి తోమేవారు తక్కువ. నిద్రలో లాలాజలం తగ్గుతుంది. క్రిములకు అదే అదను. కనుక రాత్రి భోజనమయ్యాక కూడా ఫ్లోరైడ్ పేస్టుతో 2 నిమిషాలు తోమాలి. బొగ్గు, ఇటుకపొడి వాడితే పింగాణీ అరిగిపోతుంది.

తల్లులకు ఒక మనవి. చక్కెర కలిపిన పాలసీసా నోట పెట్టి పసివాణ్ణి నిద్రపుచ్చవద్దు. 6వ ఏట వెనుక మొలిచే దవడపన్ను పాలపన్ను కాదు, జీవితాంతం ఉండవలసినది. ఎలాగూ ఊడేదే కదా అని వదిలివేయకండి.

గుట్కా, ఖైనీ, చుట్ట నోటి క్యాన్సరుకు దారి. శ్రీకాకుళం జిల్లాలో 10,000 మందికి పైగా గ్రామస్థులను పరీక్షించి, అడ్డపొగ అంగిలిని దెబ్బతీస్తుందని వైద్యులు 1971లోనే ప్రకటించారు. 2 వారాలకు మానని పుండు, తెల్లమచ్చ కనబడితే, నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లండి. పశువు నోట పుండు కనబడితే ఆ పూటే డాక్టరును పిలిచే మనం, మన నోటి విషయంలో ఆలస్యం చేయడం న్యాయమా?