సెయింట్ పాల్ గుమ్మటం

క్రిస్టఫర్ రెన్ తొలుత వాస్తుశిల్పి కాడు, ఆక్స్‌ఫర్డులో ఖగోళశాస్త్రాచార్యుడు. 1666లో లండను దగ్ధమైన పిమ్మట కొత్త నగరానికి అతడు గీసిన పథకం, స్థలయజమానుల హక్కులు అడ్డురాగా, కాగితంమీదనే మిగిలినది. చర్చీలు మాత్రం అతని చేతిమీదుగా యాభైకి పైగా లేచినవి. వానికి తలమానికం సెయింట్ పాల్ మందిరం.

దాని గుమ్మటానికి మూడు పొరలు. లోపలివారికి కనబడేది ఇటుక గుమ్మటం; నగరానికి కనబడేది కొయ్యచట్రంపై సీసపురేకులు పరచినది. రెంటి మరుగున ఇటుక శంకువొకటి ఉన్నది. శిఖరాన నిలిచిన రాతిమంటపాన్ని, సుమారు 850 టన్నుల బరువును, మోసేది అదే. అందమొకదానిది, చాకిరి మరొకదానిది! ఇది మోసమన్న విమర్శకులున్నారు. నాకు గణితజ్ఞుని చమత్కారమని తోచుతున్నది.

1711లో మందిరం పూర్తి అయినది. 1718లో, 49 ఏండ్లు నిర్వహించిన రాజస్థపతి పదవినుండి ఆ వృద్ధుని తొలగించినారు. 1723లో గతించగా, ఆ మందిరపు నేలమాళిగలో సమాధి చేసినారు.