సొంత చదువు - కళాశాల గుర్తింపు

"ప్రైవేటుగా కట్టినాడు" అను మాట మన యిండ్లలో చిరకాలముగా వినబడుచున్నది. పగలు ఉద్యోగము చేసికొనుచు, రాత్రి దీపము ముందు కూర్చుండి చదువుకొని, రుసుము చెల్లించి మెట్రిక్కో బి.ఏ.యో పూర్తిచేసిన వారిని గూర్చి పెద్దలు అట్లు చెప్పుకొనెడివారు. ఆ మాటలో కొంత మెప్పు, కొంత చిన్నచూపు కలసియుండెడివి. కళాశాల మెట్లెక్కని వాని చదువు తరగతిలో కూర్చున్న వాని చదువుతో సమానమగునా అను సందేహమే ఆ చిన్నచూపునకు మూలము. ఈ సందేహమును విశ్వవిద్యాలయములు ఎట్లు తీర్చుకొన్నవో, ఆ ఏర్పాటు వలన ఎవరికి మేలు కలుగునో, అందు జాగ్రత్తపడవలసిన తావు లెవ్వియో నేడు విచారింతము.

విద్యాసంస్థలు చేయు పనులు ముఖ్యముగా రెండు. ఒకటి బోధించుట, రెండవది, నేర్చినది ఎంతయో పరీక్షించి ధ్రువపరచుట. ఈ రెండును ఒకే కప్పు క్రింద జరుగుట మనకు అలవాటైనందున అవి విడదీయరానివని తోచును. కాని వానిని వేరు చేయవచ్చునని లండను విశ్వవిద్యాలయము ఆచరణలో చూపెను. 1836లో రాజశాసనముచే ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయము తొలినాళ్లలో పాఠములు చెప్పునది కాదు. పరీక్షలు జరిపి పట్టము లొసగుటయే దాని పని. అయినను అభ్యర్థి గుర్తింపుగల కళాశాలలో చదివియుండవలెనను నిబంధన మాత్రము ఉండెను. 1858లో వచ్చిన క్రొత్త శాసనము, వైద్యవిద్య మినహాగా, ఆ నిబంధనను తొలగించెను. ఎచ్చట చదివితివని గాక, ఏమి నేర్చితివని మాత్రమే అడుగు పరీక్ష అప్పుడు పురుషులందరికిని అందుబాటులోనికి వచ్చెను.

ఆ ద్వారమున ప్రవేశించిన వారి కథలు మనము తెలిసికొనదగినవి. బట్టల దుకాణములో పని నేర్చుకొనుటకు కుదిర్పబడి, తరువాత ప్రఖ్యాత రచయితయైన హెచ్.జి. వెల్స్ 1890లో ఈ మార్గముననే లండను బి.ఎస్‌సి. పట్టము పొందెను. దక్షిణాఫ్రికా స్వాతంత్ర్యయోధుడు నెల్సన్ మండేలా చెరసాలలో ఉండి లండను న్యాయశాస్త్ర పరీక్షలకు చదివెను. చివరకు 1989లో, ఇంకను నిర్బంధములో ఉండగనే, దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయము నుండి న్యాయశాస్త్ర పట్టమును సంపాదించెను. చెరసాల గోడలు తరగతికి పోనీయవు గాని, చదువును ఆపలేకపోయినవి.

మన దేశమున 1857లో స్థాపింపబడిన కలకత్తా, బొంబాయి, మదరాసు విశ్వవిద్యాలయములకు లండనే నమూనా. పాఠము కళాశాలది, పరీక్ష విశ్వవిద్యాలయముది అను పద్ధతి మన కట్లు సంక్రమించెను. చాలకాలమునకు, 1982లో, హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము నెలకొల్పబడెను. దేశమున సార్వత్రిక విశ్వవిద్యాలయములలో ఇదియే మొదటిది. 1991 నుండి ఇది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు ధరించియున్నది. ఇంటర్మీడియట్ చదువని వారు గూడ అర్హత పరీక్షలో నెగ్గి డిగ్రీలో చేరుటకు ఈ సంస్థ ఆరంభమున అవకాశము కల్పించెను. మధ్యలో బడి మానినవారికి అది ఎంత పెద్ద ఊరటయో ఊహింపవచ్చును.

ఇంతవరకు చెప్పినది మొత్తము పట్టమును గూర్చి. పట్టమును చిన్న భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమును పరీక్ష ద్వారా సంపాదించు పద్ధతి అమెరికాలో విశేషముగా పెరిగెను. ధాన్యమును కుంచములతో కొలిచినట్లు అచ్చటి కళాశాలలు చదువును క్రెడిట్లతో కొలుచును. ఒక అర్ధసంవత్సరము చదివిన పాఠ్యమునకు సాధారణముగా 3 క్రెడిట్లు. డిగ్రీకి సుమారు 120 క్రెడిట్లు కావలెను. కుంచము నిండినదా లేదా అని చూడవలెను గాని, గింజ ఏ పొలమున పండినదని అడుగనేల? ఈ ప్రశ్న రెండవ ప్రపంచ యుద్ధకాలమున బలముగా ముందుకు వచ్చెను. సైన్యమున చేరి చదువు విడిచిన యువకుల కొరకు విస్కాన్సిన్ రాష్ట్రములోని మాడిసన్ నగరమున సైనికదళముల విద్యాసంస్థ యొకటి ఏర్పడి, తపాలా ద్వారా పాఠములు పంపి, పరీక్షలు జరిపెను. అది 1974 వరకు పనిచేసెను.

సైనికులకే గాక సామాన్య ప్రజలకును అట్టి అవకాశము కల్పించుటకు కాలేజి బోర్డు అను సంస్థ 1967లో కళాశాల స్థాయి పరీక్షల కార్యక్రమమును ప్రారంభించెను. దీనినే సంక్షిప్తముగా "క్లెప్" అందురు. చరిత్ర, మనస్తత్వశాస్త్రము, అర్థశాస్త్రము, గణితము, జీవశాస్త్రము మొదలగు 30కి పైబడిన పాఠ్యములలో ఈ పరీక్షలు కలవు. ప్రశ్నలను కళాశాలల అధ్యాపకులతో కూడిన సంఘములు రూపొందించును. చాల పరీక్షలు సుమారు గంటన్నర సేపు కంప్యూటరుపై జరుగును. ఎక్కువ ప్రశ్నలకు ఇచ్చిన సమాధానములలో సరియైన దానిని ఎన్నుకొనవలెను. గుణములు 20 నుండి 80 వరకు. పెక్కు పాఠ్యములలో 50 వచ్చిన వారికి క్రెడిట్ ఇయ్యవచ్చునని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫారసు చేయుచున్నది. తప్పినవారు మూడు నెలలు ఆగి అదే పరీక్షకు మరల కూర్చుండవచ్చును.

దీని వలన లాభమేమి? ఒక పాఠ్యమును తరగతిలో చదువుటకు అచ్చటి కళాశాలలు పెక్కు వందల డాలర్లు, కొన్ని చోట్ల వేలు గూడ తీసికొనును. పరీక్షా రుసుము సుమారు నూరు డాలర్లు. పరీక్షా కేంద్రము వారు తమ రుసుమును కొంత చేర్చవచ్చును. ధనము కంటెను కాలము ముఖ్యము. పసిబిడ్డల తల్లి, రాత్రిపూట పని చేయువాడు, సైనికుడు - వీరు తరగతి గంటకు తమ జీవితమును కట్టివేయలేరు. పరీక్ష వారి వీలునకు లొంగును. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబముల వారికిని ఇది ఉపయోగించును. అయితే భాషలలో ఫ్రెంచి, జర్మన్, స్పానిష్‌లకే క్లెప్ పరీక్షలు కలవు, తెలుగు లేదు. ఇంట నేర్చిన తెలుగునకు క్రెడిట్ కోరువారు, అట్టి పరీక్షను తామే జరుపు కళాశాల యున్నదేమో విచారింపవలెను.

ఇక జాగ్రత్తపడవలసిన తావులు చెప్పుదము. పరీక్ష పెట్టువారు వేరు, క్రెడిట్ ఇచ్చువారు వేరు. కాలేజి బోర్డు గుణములను మాత్రమే తెలుపును. వానిని అంగీకరించుట, అంగీకరింపకపోవుట ఆయా కళాశాల యిష్టము. పేరుపొందిన కళాశాలలు కొన్ని వీనిని బొత్తిగా అంగీకరింపవు. కొన్ని 50కి మించిన గుణములు కోరును. కొన్ని ఇన్ని క్రెడిట్లకు మించరాదని హద్దు పెట్టును. కొన్ని ఆ పాఠ్యమును మరల చదువనక్కరలేదని మినహాయించునే గాని క్రెడిట్ నీయవు. వైద్యకళాశాలలో చేరగోరువారు ముందుగా చదువవలసిన విజ్ఞాన పాఠ్యములకు పరీక్షా క్రెడిట్లు చెల్లకపోవుటయు కలదు. కావున రుసుము కట్టుటకు ముందే తాము చేరదలచిన కళాశాలను అడిగి, సమాధానమును వ్రాతమూలకముగా పొందవలెను. నెలల కొలది చేసిన శ్రమ ఒక్క నిబంధన తెలియక వృథా యగుట కంటె దుఃఖకరమైనది లేదు.

మన దేశమున నేడున్న మార్గము కొంత భిన్నమైనది. 2017లో ప్రారంభమైన "స్వయం" అను ఏర్పాటు ద్వారా ఎవరైనను ఇంటనే పాఠములు ఉచితముగా వినవచ్చును. ఐ.ఐ.టి.లు, భారతీయ విజ్ఞాన సంస్థ కలసి నడుపు ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములు ఇందులో చేరియున్నవి. వానిలో 12 వారముల పాఠ్యమునకు 3 క్రెడిట్లు, 8 వారములకు 2, 4 వారములకు 1 అని లెక్క. ధ్రువపత్రము కావలసినవారు రుసుము చెల్లించి, నిర్ణీత కేంద్రమున పరీక్ష వ్రాయవలెను. వారము వారము ఇచ్చు అభ్యాసములకును గుణములుండును. అనగా పరీక్ష యొక్కటే చాలదు, క్రమము తప్పని అభ్యాసమును కావలెను. ఒక అర్ధసంవత్సరపు పాఠ్యములలో నూటికి 40 వరకు ఇట్లు చదువుటకు కళాశాలలు అనుమతింపవచ్చునని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2021లో నిబంధన చేసెను. ఆ యేడే క్రెడిట్లను దాచియుంచు విద్యానిధి యొక్క నిబంధనలు గూడ వెలువడెను. ఇచ్చటను మాట యొక్కటే: మీ కళాశాల అంగీకరించునా అని ముందు అడుగుడు. పాఠము లేదు, పరీక్ష లేదు, సొమ్మిచ్చిన పట్టమిత్తుమను వారిని దరిచేరనీయకుడు. గుర్తింపులేని విశ్వవిద్యాలయముల పట్టికను నిధుల సంఘము ప్రకటించుచుండును. దానిని చూచుట మంచిది.

సొంతముగా చదువువానికి గురువు ఎదుట లేడు. తనకు రానిది తనకు తెలియకపోవుటయే అతని పెద్ద యిబ్బంది. దీనికి మార్గము లేకపోలేదు. మొదట పరీక్షాధికారులు ప్రకటించిన సిలబస్‌ను ముందుంచుకొని, అందులో ఏ విషయమునకు ఎంత ప్రాధాన్యమున్నదో గమనింపవలెను. పది పుస్తకములు త్రిప్పుట కంటె ఒక మంచి పుస్తకమును మూడుమార్లు చదువుట మేలు. చదివిన దానిని పుస్తకము మూసి కాగితముపై వ్రాసి చూచుకొనవలెను. అప్పుడు గాని ఎరుక ఎంతయో, మరపు ఎంతయో బయటపడదు. తుదకు, గడియారము ముందుంచుకొని నమూనా పరీక్ష వ్రాయవలెను. దిద్దుటకు ఊరిలోని ఉపాధ్యాయు నొక్కరిని వారమున కొకమారు కలియగలిగిన అదృష్టమే.

పరీక్ష అన్నింటిని కొలువలేదని గూడ ఒప్పుకొనవలెను. ప్రయోగశాలలో చేతికి కలుగు నేర్పు, తోటివారితో వాదించుటచే కలుగు తెలివి, ఒక గురువు చూపిన ఆదర్శము - ఇవి గంటన్నరలో తేలునవి కావు. కావున మొదటి సంవత్సరములలోని సామాన్య పాఠ్యములకు ఈ మార్గము తగినంతగా, వృత్తిలో చేయితిరుగవలసిన పాఠ్యములకు తగదని మా అభిప్రాయము. కళాశాలలకు బదులుగా దీనిని నిలుపరాదు. కళాశాలకు పోలేనివారికి తోడుగా నిలుపవలెను.

వినుచున్న గృహస్థులకు ఒక్క మనవి. ప్రతి వీథిలోను చదువు మధ్యలో ఆగిన కోడలో కూతురో, దుకాణములో లెక్కలు వ్రాయు తమ్ముడో ఉండును. వారికి తెలివి తక్కువై కాదు, వేళ చిక్కక ఆగినది. ప్రభుత్వములు నిబంధనలు చేసినవి, పాఠములు ఇంటికి వచ్చినవి. ఇంక కావలసినది దినమునకు రెండు గంటలు ఆమెను పిలువకుండుట, అతనికి మరియొక పని చెప్పకుండుట. ఆ రెండు గంటలను ఏ విశ్వవిద్యాలయమును ఇయ్యలేదు; ఇంటివారే ఇయ్యవలెను.