పాఠంతో పాటు మూల ఫైలూ ఇవ్వండి

 

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రేపు పాఠాలు చెబుతారు, కొందరు ప్రోగ్రాములు రాస్తారు. ఈ రెండు పనులూ కలిసే చోటు ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్. దాని గురించి మీకు ఒక్క మాట చెప్పాలని వచ్చాను. మీరు చేసిన పాఠాన్ని ఇంకొకరు విప్పి, దిద్ది, తమ పిల్లలకు తగ్గట్టు మార్చుకునే వీలుండాలి.

మార్టిన్ డూగియామస్ పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతంలో పెరిగారు. చిన్నప్పుడు షార్ట్‌వేవ్ రేడియోలో పాఠాలు విన్నారు. పెద్దయ్యాక ఆయనే ఆన్‌లైన్ తరగతులు నడిపే మూడుల్ అనే సాఫ్ట్‌వేర్ రాశారు. 2002లో దాని తొలి వెర్షన్ వచ్చింది. సోర్స్ కోడ్ అందరికీ ఇచ్చేశారు కాబట్టే ఎన్నో దేశాల కాలేజీలు దాన్ని సొంత సర్వర్లలో పెట్టుకుని, తమ భాషలో నడుపుకుంటున్నాయి.

గణితం నేర్పే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్ మీలో చాలామందికి తెలుసు. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కుస్ హోహెన్‌వార్టర్ పీజీ చదువులో భాగంగా మొదలుపెట్టిన పని అది. పదో తరగతి పిల్లలకు వై ఈక్వల్స్ ఏ ఎక్స్ స్క్వేర్ గ్రాఫ్‌ను ‘ఏ’కి మూడు విలువలిచ్చి నల్లబల్ల మీద గీసి చూపిస్తే, మూడు బొమ్మలు కనిపిస్తాయి తప్ప వాటి మధ్య సంబంధం కనిపించదు. జియోజీబ్రాలో ‘ఏ’కి ఒక స్లైడర్ పెట్టి పిల్లవాడి చేతికివ్వండి. 1 నుంచి 3 వైపు జరిపితే పరావలయం సన్నబడుతుంది. వెనక్కి సున్నా దగ్గరికి తెస్తే ఎక్స్ అక్షం మీద సరళరేఖ అయిపోతుంది. ఇంకాస్త జరిపి రుణసంఖ్యల్లోకి వెళ్లగానే తలకిందులవుతుంది. వాడు మళ్లీ వెనక్కి జరుపుతాడు. ఆ జరపడంలోనే పాఠం ఉంది. ఇంకో టీచరు అదే ఫైలు తీసుకుని, శీర్షిక తెలుగులోకి మార్చి, రెండో స్లైడర్ చేర్చుకోవచ్చు. నార్వేలో పుట్టిన హెచ్‌5పీ అనే సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. వీడియో మధ్యలో ఆగి ప్రశ్న అడిగే పాఠం చేసి, ‘రీయూజ్’ మీట తెరిచి ఉంచితే, చూసినవాళ్లు దాన్ని దించుకుని మార్చుకోగలరు.

మన దేశంలో దీనికి మంచి ఉదాహరణ ఐఐటీ బాంబేలో ఆచార్య కన్నన్ మౌద్గల్య నడిపిన, వీడియోలతో సాఫ్ట్‌వేర్ నేర్పే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు. తెర మీద కనిపించేది ఇంగ్లీషు సాఫ్ట్‌వేర్, వినిపించే గొంతు మన భాషలో. ఇది ఎలా కుదిరిందంటే, స్క్రిప్టును వీడియోలో కలిపేయకుండా విడిగా ఉంచారు. ఒక నిలువు వరుసలో సమయం, పక్క నిలువు వరుసలో చెప్పాల్సిన మాటలు. తెలుగు చేసేవారికి ఆ పట్టికా, ఒక మైకూ, గొంతు రికార్డు చేసే ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరూ ఉంటే చాలు.

మరి మన తెలుగు నోట్సు సంగతి? ఎందరో టీచర్లు రాత్రుళ్లు కూర్చుని యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాఠాలు పీడీఎఫ్‌లుగా తిరుగుతున్నాయి. కాపీ చేసి ఇంకోచోట పెడితే అక్షరాలు చెదిరిపోతాయి. వెతికితే దొరకవు. చూపులేని విద్యార్థి, తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏతో వినబోతే అర్థంలేని శబ్దాలు వస్తాయి. అంత కష్టపడి చేసిన పని ఆ పిల్లవాడికి అందకపోవడం నన్ను చాలా బాధపెడుతుంది. యూనికోడ్‌లో టైపు చేసి ఉంటే అతను మిగతావాళ్లతో సమానంగా చదువుకునేవాడు.

ఇప్పుడు ఏఐ క్షణాల్లో గొంతునూ బొమ్మలనూ ఇస్తోంది. వాడుకోండి. కానీ అందులో ఒక లెక్క తప్పితే, ఆ ఒక్క వాక్యం మార్చడానికి మొత్తం వీడియో మళ్లీ చేయాల్సి వస్తే, అది మంచి పనిముట్టు కాదని నా అభిప్రాయం.

ఈ సెలవుల్లో మీరు చదువుకున్న బడికి వెళ్లండి. పిల్లలకు కొరకరాని కొయ్యగా ఉన్న పాఠం ఏదో అక్కడి టీచరుగారిని అడగండి. ఆ ఒక్కటీ చేసిపెట్టండి. యూనికోడ్‌లో రాయండి, మార్చుకోవడానికి వీలిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పెట్టండి, స్క్రిప్టూ మూల ఫైలూ ఆ టీచరు చేతికిచ్చి, మార్చుకోవడం ఎలాగో పక్కన కూర్చుని చూపించి రండి.