ఏటవాలు కప్పుల వాననీరు: చూరు దోనెలు, జల్లెడ మూతలు

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంటలను గురించి చెప్పవలసినవాడు ఇంటి చూరును గురించి చెప్పుటేమని మీరు అనుకొనవచ్చును. పొలముపై పడిన వానను గట్లు వేసి నిలుపుకొనుట మీకు తెలిసిన పనియే. కాని ఇంటి కప్పుపైన, పశువుల కొట్టముపైన పడిన నీరు ఎటు పోవుచున్నదో, పోవుచు ఏమేమి తీసికొని పోవుచున్నదో చూచుకొనువారు తక్కువ. ఈనాడు ఆ సంగతి చెప్పెదను.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. ఒక చదరపు మీటరు స్థలముపై ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరగును. 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల స్థలమును కప్పుచు ఒకే వైపునకు వాలియున్న కొట్టము ఉన్నదనుకొందము. అనగా 40 చదరపు మీటర్లు. కాలములో 800 మిల్లీమీటర్ల వాన పడినచో ఆ కప్పుపై పడు నీరు 32,000 లీటర్లు. ఇంచుమించు ఇదంతయు 8 మీటర్ల చూరు నుండియే కారవలెను. కావున చూరు క్రింద ప్రతి మీటరు పొడవునను సుమారు 4,000 లీటర్లు పడును. ఆరుబయట చదరపు మీటరు నేలపై పడునది 800 లీటర్లే. పైగా చూరు నీరు మీటరు వెడల్పున పరచుకొని పడదు. సన్నని గీతవలె ఒకే చోట పడి నేలను కోయును.

ఆ చోటనే గోడ పునాది ఉన్నది. చాల ఇండ్లలో పెంటగుంత కూడ కొట్టమునకు ఆనుకొనియే ఉండును. పశువుల ఎరువు ఒక టన్నులో సుమారు 5 కిలోల నత్రజని ఉండును. 8 టన్నుల గుంతలో 40 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలు ఇంచుమించు రెండింటిలో ఉన్నంత నత్రజని అది. నీటిలో కరగునట్టి భాగము, ముఖ్యముగా పశువుల మూత్రము నుండి వచ్చినది, అన్నిటికంటె ముందు కొట్టుకొనిపోవును. పొటాష్ కూడ అట్లే. వాన వెలిసిన తరువాత గుంత నుండి వీధి కాలువలోనికి డికాక్షను రంగు నీరు పారుచుండుట మీరు చూచియుందురు. ఆ రంగు మీ పొలమునకు చేరవలసిన సారము.

కప్పు వాలు తగ్గించిన పోదా?

పోదు. బెంగుళూరు పెంకునకైనను, కూన పెంకునకైనను వాలు తప్పదు. వాలు తక్కువైనచో నీరు నిదానించి పెంకుల సందులలోనికి ఎక్కి వాసములను, పెండెలను తడుపును. కావున వాలు ఉండవలసినదే. ఆ వాలుపై పరుగెత్తి వచ్చు నీటిని చూరు దగ్గర పట్టుకొని, మనము చెప్పిన దారిన పంపవలెను. దానికి సాధనము చూరు దోనె. దీనినే కొందరు గట్టరు అందురు. దోనెలో ఆకు పడకుండ పైన వేయునది జల్లెడ మూత.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలెను. జల్లెడ మూత ఆకును ఆపుటకే గాని నీటిని పట్టుటకు కాదు. దోనె సరిగా లేనిచోట ఎంత ఖరీదైన మూత వేసినను నీరు దాని మీదుగా దూకి పోవును. కనుక దోనె ముందు, మూత తరువాత.

నీరు ఎంత దూరము దూకును?

కప్పు మీటరు దూరమునకు మీటరు ఎత్తు లేచినచో దానిని 45 డిగ్రీల వాలు అందుము. అట్టి కప్పుపై నీరు సెకనుకు ఒక మీటరు వేగముతో జారి అంచును వదలినదనుకొందము. అది 5 సెంటీమీటర్లు దిగునప్పటికి సుమారు 4 సెంటీమీటర్లు ముందునకు దూకును. 15 సెంటీమీటర్లు దిగునప్పటికి సుమారు 8 సెంటీమీటర్లు దూకును. అనగా దోనెను ఎంత క్రిందికి వ్రేలాడదీసిన నీరు అంత దూరము తప్పించుకొనును. రేకుల కప్పు పెంకు కంటె నునుపు గనుక దానిపై వేగము మరింత హెచ్చు. గాలివానలో ఈ దూరములు ఇంకను మారును.

దీనినిబట్టి రెండు నియమములు తేలుచున్నవి. మొదటిది, దోనెను కప్పు అంచునకు సాధ్యమైనంత దగ్గరగా కట్టవలెను. రెండవది, దోనె వెడల్పులో మూడవ వంతు అంచునకు లోపలి వైపున, రెండు వంతులు వెలుపలి వైపున ఉండునట్లు చూడవలెను. 15 సెంటీమీటర్ల, అనగా ఆరంగుళాల దోనెకు ఇట్లు చేసినచో వెలుపల 10 సెంటీమీటర్లు లభించును.

దోనె కట్టు విధము

ఆరంగుళాల పి.వి.సి. గొట్టమును నిలువునా రెండుగా కోసినచో రెండు దోనెలగును. జి.ఐ. రేకును వంచియు చేసికొనవచ్చును. గంటకు 100 మిల్లీమీటర్ల చొప్పున కుండపోతగా కురిసినను మన 40 చదరపు మీటర్ల కప్పు నుండి నిముషమునకు వచ్చునది సుమారు 67 లీటర్లు. ఆరంగుళాల దోనె శుభ్రముగా ఉన్నచో దీనిని మోయగలదు. ఆకుతో సగము నిండినచో మోయలేదు.

దోనెకు 2 మీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున వాటము ఇవ్వవలెను. 8 మీటర్లకు 4 సెంటీమీటర్లు. పై కొస అంచునకు 3 సెంటీమీటర్ల క్రింద మొదలుపెట్టినచో దిగువ కొస 7 సెంటీమీటర్ల క్రిందికి వచ్చును. అంతవరకు నీరు దోనెలోనే పడును. అంతకంటె ఎక్కువ వాటము ఇచ్చినచో దిగువ కొసలో నీరు దోనెను దాటు ప్రమాదము కలదు. చూరు 10, 12 మీటర్లకు మించినచో నడుమ నుండి రెండు కొసలకు వాటము ఇచ్చి, రెండు దిగుడు గొట్టములు పెట్టుట మేలు. ఒక్కొక్క దానికి నాలుగంగుళాల గొట్టము చాలును.

నీరు నిండిన ఆరంగుళాల దోనె మీటరుకు సుమారు 9 కిలోల బరువు తూగును. అందుచేత రెండడుగులకు ఒక ఇనుప కొక్కెము ఉండవలెను. కోసిన పి.వి.సి. గొట్టము అంచులు లోపలికి ముడుచుకొను గుణము కలవి గనుక కొక్కెము వాటిని విప్పి పట్టునట్లుండవలెను. కోతుల బెడద ఉన్న ఊళ్లలో తీగతో కట్టిన దోనె నిలువదు. కొక్కెములను వాసములకు బోల్టులతో బిగించవలెను.

ఏ మూత మంచిది?

బజారులో పలు రకముల మూతలు దొరకును. నునుపైన వంపు మూత ఒకటి. నీరు ఆ వంపును అంటి పెట్టుకొని తిరిగి, సన్నని సందు గుండ దోనెలోనికి దిగవలెను. వాలు తక్కువైన కప్పునకు ఇది కొంత పనిచేయును. ఏటవాలు కప్పుపై వేగముగా వచ్చు నీరు వంపు తిరుగక నేరుగా దూకివేయును. దోనె నిండ దూర్చు స్పంజి మరియొకటి. దుమ్ము పట్టి గట్టిపడి, రావి మొక్క మొలచుటకు మంచి మడి అగును. బ్రష్షు రకములో ఆకులు చిక్కుకొని, ఊడదీసి దులుపుటకే ఒక పూట పట్టును. దోమతెర వంటి సన్నని వల కూడ చూరు దగ్గర పనికిరాదు. దుమ్ము, నాచు పట్టగానే కన్నులు మూసికొని నీరు దాని మీద జారిపోవును.

మన పల్లెటూరి కప్పులకు పావు అంగుళపు కన్ను గల జి.ఐ. తీగ వల మేలైనది. వేపాకు, మామిడాకు, పుల్లలు పైన ఆగును. చింతాకు, సరుగుడు ఆకు కొంత లోపలికి దిగును. అది నీటితో కొట్టుకొని పోయి తొట్టి మూతి దగ్గరి సన్నని వలలో ఆగును. అక్కడ చేతికి అందుబాటులో ఉండును గనుక తీసివేయుట తేలిక.

వలను అమర్చునప్పుడు పై అంచును పెంకు లేక రేకు అంచు క్రిందికి దూర్చవలెను. పెంకు పైకి ఎక్కించినచో అక్కడ మెట్టు ఏర్పడి ఆకు పోగుపడును, నీరు వెనుకకు తన్ని పెంకుల క్రిందికి పోవును. వలను చదునుగా పరచినచో ఆకు దానిపైననే కూర్చుండును. కప్పుతో సమానమైన వాలున వేసినచో నీరు జారి దాటిపోవును. కనుక కప్పు వాలులో సుమారు సగము వాలు ఇవ్వవలెను. దోనె ముందు అంచు, వల అంచు ఒకే మట్టమున ఉండవలెను. అప్పుడు తడి ఆకు ఎండి గాలికి తానే రాలిపోవును.

రెండు కప్పులు కలియు మూల

మండువా ఇంటిలోను, ఎల్ ఆకారపు ఇంటిలోను రెండు వాలులు ఒక మూలలో కలియును. ఆ మూల నుండి రెండు కప్పుల నీరు ఒకే ధారగా దూకును. ఎంత చక్కగా కట్టిన దోనె అయినను మొదట పొంగునది అక్కడనే. ఆ చోట దోనె ముందు అంచుపై, మూలకు రెండు వైపుల మూడేసి అడుగుల పొడవున, 4 నుండి 6 అంగుళాల ఎత్తు గల రేకును నిలువుగా బిగించవలెను. ధార ఆ రేకును తాకి వేగము చచ్చి దోనెలో పడును. ఈ రేకు వద్ద ఆకు కొంత ఆగును, తరచు తీయవలసి వచ్చును. దిగుడు గొట్టమును ఆ మూలకు దగ్గరగా పెట్టుకొనుట ఉత్తమము.

పని పూర్తియైన పిదప వాన కొరకు ఎదురు చూడనక్కరలేదు. మోటారు గొట్టముతో కప్పు పైభాగమున నీరు వదలి, దోనె ముందు ఎక్కడ దూకుచున్నదో చూచుకొని అక్కడ సరిచేయవచ్చును.

పట్టిన నీటిని ఏమి చేయవలెను?

దిగుడు గొట్టమును పెంటగుంత వైపు ఎన్నడును పంపరాదు. మొదటి జల్లులో దుమ్ము, పక్షుల రెట్ట కొట్టుకొని వచ్చును. కనుక మొదటి రెండు మిల్లీమీటర్ల నీరు, అనగా మన 40 చదరపు మీటర్ల కప్పునకు 80 లీటర్లు, ప్రక్కకు విడువవలెను. తరువాతి నీటిని మూతగల తొట్టిలో నిలువచేసిన పశువులకు, మందుల పిచికారీకి, నారుకు ఉపయోగపడును. తొట్టి మూతికి దోమ దూరని వల తప్పక ఉండవలెను. నల్లగొండ, కనిగిరి వంటి ప్రాంతములలో బోరు నీటిలో ఫ్లోరైడు హెచ్చు. వాననీటిలో అది మిక్కిలి తక్కువ గనుక అక్కడ శుభ్రమైన కప్పు నీటిని కాచి త్రాగుటకు పట్టుకొనుట మంచి అలవాటు. మిగిలిన నీటిని పునాదికి కనీసము 10 అడుగుల దూరమున ఇంకుడు గుంతలోనికి పంపవలెను.

ఎప్పుడు శుభ్రము చేయవలెను?

మూత వేసితిమి గదా అని మరచుట తగదు. ఉగాదికి ముందే వేప ఆకు రాల్చును. అది ఎండి, వేసవి దుమ్ముతో కలిసి దోనెపై పొర కట్టును. కావున రోహిణి కార్తెలో, మృగశిర చినుకు పడకముందే, ఒకసారి శుభ్రము చేయవలెను. కోస్తా వారు దసరా నాటికి మరియొకసారి చేయవలెను, అది తుపానుల కాలము గనుక. 2014 అక్టోబరు 12న విశాఖపట్నముపై వచ్చిన హుద్‌హుద్ వంటి తుపాను ఒక్క పూటలో చెట్ల ఆకు దూసివేయును. అట్టి గాలి తరువాత వెంటనే దోనెను చూచుకొనవలెను. దోనెలో నీరు నిలిచియున్నచో వాటము తప్పినదని గుర్తు. అట్టి నీటిలోనే డెంగీ దోమ పెరుగును.

చెట్టు నరికివేసిన పీడ వదలును గదా అని కొందరు అనుకొందురు. అట్లు చేయవలదు. పశువుల నీడకు ఆ చెట్టే దిక్కు. కప్పుపైకి వ్రాలిన కొమ్మను మాత్రము కొట్టిన చాలును.

వానలో నిచ్చెన ఎక్కరాదు. పెంకులపై అడుగు పెట్టరాదు. ఇంటికి వచ్చు కరెంటు తీగ చూరు దగ్గరనే ఉండును గనుక ఇనుప నిచ్చెన వాడరాదు. క్రింద ఒక మనిషి నిచ్చెన పట్టుకొని ఉండవలెను.

ఒకేసారి ఇల్లంతటికి ఖర్చు పెట్టలేనివారు పెంటగుంత వైపు చూరుతో మొదలుపెట్టవలెను. ఒక కాలము గడచిన తరువాత గుంత నుండి పారు నీటి రంగును చూచుకొనిన, ఖర్చు పెట్టినదెందుకో తెలియును. తరువాత మట్టి గోడ వైపు, ఆ తరువాత మిగిలిన వైపులు. ఈ పని ఈ వేసవిలోనే, రోహిణి కార్తె దాటకముందే తలపెట్టవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.